ఎక్సెల్‌లో ఎక్కిన కొండ

తెలియక చేసిన పని అయితే ఈ సోదంతా రాసేవాణ్ణి కాదు. పైక్స్ పీక్ గురించి నేను చదవనిదంటూ లేదు. అసలు జబ్బు అక్కడే ఉంది.

కొలరాడోలో మానిటూ స్ప్రింగ్స్ అని ఓ చిన్న ఊరు. ఆ ఊరి వీధిలో, సుమారు 6,300 అడుగుల ఎత్తులో పైక్స్ పీక్ మారథాన్ పరుగు మొదలవుతుంది. బార్ ట్రైల్ అనే కాలిబాట పట్టుకుని 14,115 అడుగుల శిఖరం దాకా ఎక్కి, వచ్చిన దారినే దిగాలి. రానూపోనూ 26 మైళ్ళ పైచిలుకు. ఇప్పుడు సెప్టెంబరుకు మార్చారు గానీ, నేను వెళ్ళేనాటికి ఆగస్టులో జరిగేది. నేనుండే డాలస్‌లో ఆగస్టు సంగతి అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు, తెల్లారకముందే చొక్కా తడిసిపోతుంది. ఆ తడిసిన చొక్కా చూసుకునే నేను సిద్ధమైపోయాననుకున్నాను. మా ఊళ్ళో కొండ ఎక్కడుంది? ఆఫీసు పార్కింగ్ గరాజ్‌లో కార్లు ఎక్కే ర్యాంపు ఉంది. సెక్యూరిటీ అతను అదోలా చూస్తున్నా లెక్కచెయ్యకుండా దాని మీదే కిందికీ పైకీ పరిగెత్తాను. పేరు ఇవ్వడానికి ముందు ఏదైనా హాఫ్ మారథాన్ గడువులోపల పూర్తిచేసినట్టు అప్పట్లో చూపించాల్సి ఉండేది. అది వైట్‌రాక్ చెరువు చుట్టూ నున్నటి రోడ్డు మీద ఎప్పుడో చేసేశాను.

ఇక ఎక్సెల్ ముందు కూర్చున్నాను. మ్యాట్ కార్పెంటర్ అనే ఆయన 1993లో ఆ శిఖరాన్ని 2 గంటల 1 నిమిషంలో ఎక్కి, మొత్తం పరుగు 3 గంటల 16 నిమిషాల 39 సెకన్లలో ముగించాడు. ఆయనకు రెండు గంటలు పడితే నాకు నాలుగు పడుతుంది, పోనీ ఇంకో అరగంట దయతో వేసుకుందాం అనుకున్నాను. పొద్దున ఏడింటికి మొదలు కాబట్టి పదకొండున్నరకి శిఖరం. ఎందుకు రెట్టింపు, ఎందుకు మూడింతలు కాదు అని నన్ను నేనే అడగలేదు. గడిలో అంకె పడగానే అది నిజమైపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ కొండ మీదికి 1891 నుంచీ పళ్ళచక్రాల రైలు నడుస్తోంది. వేసవికని విజయవాడ నుంచి వచ్చిన మా మామయ్యగారికీ, మా ఆవిడకీ ఆ రైలుకి టికెట్లు తీశాను, సరిగ్గా పదకొండున్నరకి శిఖరం మీద నా రాకను కళ్ళారా చూసేట్టుగా. రైలు పైన అరగంట, మహా అయితే నలభై నిమిషాలు ఆగుతుంది. ఎక్కివచ్చిన రైల్లోనే తిరిగి దిగాలి. "అటూ ఇటూ అయితే?" అంది మా ఆవిడ. ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పి చూపించాను.

డాలస్ నుంచి 287 హైవే పట్టుకుని చిల్డ్రస్, అమరిల్లో మీదుగా, డాల్‌హార్ట్ దాటి, న్యూమెక్సికో మూల కాస్త తాకి, రటోన్ కనుమ ఎక్కి కొలరాడోలో దిగాలి. పన్నెండు గంటల డ్రైవింగు. దారంతా మామయ్యగారికి పాఠం చెబుతూనే ఉన్నాను. 1806లో జెబ్యులన్ పైక్ ఆ కొండ ఎక్కబోయి, చలికి తట్టుకోలేక మధ్యలోనే వెనక్కి మళ్ళాడనీ, ఎక్కలేనివాడి పేరే కొండకి పెట్టారనీ చెప్పి నేనే నవ్వాను. 1956లో ఓ డాక్టరు పొగతాగేవాళ్ళకీ తాగనివాళ్ళకీ పందెం పెట్టాడని, అప్పుడు మొదలైందే ఈ పరుగనీ, కిందికీ పైకీ పూర్తిచేసినవాళ్ళలో పొగతాగేవాడు ఒక్కడూ లేడనీ చెప్పాను. సిగరెట్టు మానేసి నిష్ఠగా ఉన్న ఆయన దానికి మాత్రం తల పంకించారు. 1959లో ఆర్లీన్ పైపర్ అనే ఆవిడ ఈ పరుగు పూర్తిచేసి, అమెరికాలో మారథాన్ ముగించిన మొదటి మహిళ అయిందనీ, ఆ సంగతి ఆవిడకే 2009 దాకా తెలియదనీ కూడా చెప్పాను.

డాల్‌హార్ట్ దగ్గర మైళ్ళకొద్దీ పశువుల దొడ్లు. మేం ఏసీ గాలి లోపలే తిప్పుకుంటుంటే మామయ్యగారు అద్దం దించి, "గొడ్లసావిడి వాసన కదమ్మా" అని గుండెలనిండా పీల్చుకున్నారు. ఆ ప్రయాణంలో గాలి సరిగ్గా పీల్చినవాడు ఆయనొక్కడే. కాసేపటికి, "అల్లుడుగారూ, అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను గానీ, పక్కవాణ్ణి దాటాలని ఎప్పుడూ అనిపించలేదండీ. మోకాళ్ళ పర్వతం దగ్గర అందరం ఒకటే" అన్నారు. ఇది వేరండీ మామయ్యగారూ అన్నాను.

ఎత్తు ప్రదేశాలకి వెళ్ళేవాళ్ళు వారాల ముందు వెళ్ళి ఒంటిని అలవాటు చేసుకోవాలి, లేదా ఒంటికి తెలిసేలోపే వెళ్ళి పరిగెత్తెయ్యాలి అంటారు. నాకు సెలవుల్లేవు కాబట్టి రెండోదే శాస్త్రీయం అనిపించింది. పద్నాలుగు వేల అడుగుల ఎత్తున గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గదు, పీడనం తగ్గుతుంది, అందుకని ఒక్కో గుక్కలో సముద్రమట్టం దగ్గర దొరికేదాంట్లో అరవై శాతమే దక్కుతుంది. ఇది కూడా కారులో నేను చెప్పిన పాఠమే. ఆ నలభై శాతం నా వాటాలోంచే పోతుందని మాత్రం తట్టలేదు. శనివారం రాత్రి హోటల్లో తల దిమ్ముగా ఉంది. మా ఆవిడ అడిగితే డ్రైవింగు అలసట అన్నాను.

ఆదివారం ఏడింటికి బయల్దేరాం. ఊరు దాటగానే కొండదారి మెలికలు తిరుగుతుంది, పైగా ఇరుకు. అందరూ మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుని, నడుం వంచి నడుస్తున్నారు. జాలిపడ్డాను. బాట పక్కనున్న రాళ్ళ మీదుగా గెంతుతూ ఒక్కొక్కర్నే దాటాను. ఆ మెలికలయ్యాక దారి కాస్త చదునుగా ఉంటుంది, అక్కడ ఇంకా రెచ్చిపోయాను. వాచీలో సమయం ఎక్సెల్ కంటే ముందుంది. పదివేల అడుగుల దగ్గర బార్ క్యాంపు చేరేసరికి ముందూ లేదు, వెనకా లేదు, వాచీ చూడాలన్న ఆలోచనే లేదు.

ఆ పైన ఓచోట షూ లేసు ఊడింది. కూర్చున్నాను. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి, ఉంగరం తిరగడం లేదు. రెండు కొసలూ పట్టుకుని ముడి వెయ్యబోతే ఏది దేని మీదుగా వెళ్ళాలో గుర్తు రాలేదు. ఒక కొసను ఇంకో కొస మీద పెట్టడం, అది జారిపోవడం. మళ్ళీ పెట్టడం, మళ్ళీ జారిపోవడం. నేను దాటొచ్చిన నడకవాళ్ళంతా వరసగా నా పక్కనుంచి పోతున్నారు. ఎవరూ తొందరపడటం లేదు. చివరికి లేసుని షూలోకి దోపేసి లేచాను.

చెట్లు అంతమయ్యేచోట ఏ-ఫ్రేమ్ అని ఓ చెక్కల గూడు ఉంటుంది. శిఖరం ఇంకా మూడు మైళ్ళు. అక్కడున్న వాలంటీరు ఒకావిడ ఎలా ఉన్నావని అడిగింది. "బాగానే ఉన్నానండీ" అన్నాను. ఆవిడ మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే అన్నాను, ఇంకాస్త గట్టిగా. ఇంగ్లీషులో చెప్పడం లేదన్న సంగతి నాకు తట్టలేదు. ఆవిడ నన్ను భుజం పట్టి కూర్చోబెట్టి, ఎలాగూ గడువు కూడా దాటిపోయింది, కాసేపాగి కిందికే వెళ్ళు అంది. ఎత్తు తగ్గడమే మందు అని నేను కూడా చాలాచోట్ల చదివాను.

ఆ సమయానికి పైన మామయ్యగారు స్వెటర్ మీద శాలువా కప్పుకుని, కాలిబాట వచ్చి కలిసే చోట నిలబడి ఉన్నారట. ఒక్కో తల పైకి తేలినప్పుడల్లా చప్పట్లు కొడుతూ, అది నేను కాదని తెలిశాక ఇంకో చప్పట్లకు సిద్ధమవుతూ. ఆయనకూ కళ్ళు తిరుగుతున్నాయి. రైలు కూత వేసింది. "అల్లుడు దారిలో ఉంటే నేనెట్లా దిగుతానమ్మా" అని కదలనన్నారట. కూతురు రెక్క పట్టుకుని ఎక్కించింది. నా ఫోను అందడం లేదు. నాకు ఏమైందో తెలియకుండా గంటకు పైగా ఆ రైల్లో వాళ్ళిద్దరూ దిగారు. నేను కాళ్ళీడ్చుకుంటూ మానిటూ చేరింది చాలా తర్వాత. మా ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, మాట్లాడకుండా కారు తాళాలు తీసుకుంది. డాలస్ దాకా తనే నడిపింది.

మామయ్యగారు మాత్రం ఒక కాగితం సంచీ ఇచ్చారు. శిఖరం మీది కొట్లో డోనట్లు ప్రసిద్ధి, ఆ ఎత్తుకని పిండి పాళ్ళు మార్చి చేస్తారు. నా కోసం ఒకటి దాచి తెచ్చారు. కిందికి వచ్చేసరికి అది చప్పబడి అప్పచ్చిలా అయిపోయింది. తిన్నాను. సంచీలో ఇంకా ఒక టోపీ ఉంది. పైక్స్ పీక్, 14,115 అడుగులు అని కుట్టి ఉంది. పైన రైలు దిగిన వెంటనే, నేను వస్తానన్న ధీమాతో కొన్నారు.

ఆ టోపీ ఆఫీసుకి పెట్టుకెళ్తుంటాను. ఎక్కావా అని ఎవరైనా అడిగితే, చాలా కష్టమైన కొండ అంటాను. ఆక్సిజన్ అరవై శాతం అంటాను. ఆర్లీన్ పైపర్ కథ చెబుతాను. మామయ్యగారు వీడియో కాల్‌లో ఉన్నప్పుడు మాత్రం తీసి పక్కన పెట్టేస్తాను.