గరాటు గోడు

డాక్టర్లకు నేను ఈ-కాలర్‌ని. ఈ ఇంట్లో మాత్రం నన్ను గరాటనే పిలుస్తారు. మా పిల్లి బుజ్జి మెడ చుట్టూ తొడిగిన ప్లాస్టిక్ రేకుని. వచ్చినవాళ్లంతా నన్ను చూసి నవ్వుతారు, బుజ్జి తప్ప.

బుజ్జికి అయిదో నెలలోనే ఎద వచ్చింది. రాత్రంతా అరుపులు, ప్రహరీ మీద మగపిల్లుల కాపలా. ఆపరేషన్ మాట ఎత్తగానే మామ్మ అడ్డుపడింది: "ఒక్క కానుపైనా కానివ్వండే, పాపం!" దానివల్ల పిల్లికి ఒరిగేదేమీ లేదన్నాడు డాక్టరు. పైగా ఏడాది నిండకముందే చేయిస్తే రొమ్ము కేన్సర్ ముప్పు బాగా తగ్గుతుందట. పిల్లి చూలు రెండు నెలలే. కూనలు పాలు తాగుతుండగానే మళ్లీ కడుపు రావచ్చు. ఆ కూనలన్నిటినీ ఎవరు సాకుతారని మనవరాలు అడిగితే మామ్మ దగ్గర జవాబు లేకపోయింది.

మత్తిచ్చి అండాశయాలూ గర్భసంచీ తీసేశారు. నా ఉద్యోగం అక్కడ మొదలైంది.

సాయంత్రం ఇంటికొచ్చాక బుజ్జి తూలుతూనే ఉంది. మంచమెక్కిస్తే పడిపోతుందని నేల మీదే పాత దుప్పటి పరిచారు. మత్తుకు ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి ఫ్యాను ఆపేశారు. తెలివొచ్చాక కాసిని నీళ్లు, కొంచెం తిండి. తొట్టిలో ఇసుక తీసేసి చింపిన న్యూస్‌పేపర్లు వేశారు, రేణువులు గాయానికి అంటకుండా.

పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన ముళ్లుంటాయి. అవి కుట్టు మీద ఆడాయంటే దారం తెగుతుంది, గాయం విచ్చుకుంటుంది. అందుకే నేను. మీసాలతో దారి కొలుచుకునే జీవికి నేను అడ్డమేనని నాకు తెలుసు. బుజ్జి వెనక్కి వెనక్కి నడిచింది, ప్రతి గుమ్మానికీ నన్ను గుద్దింది. గిన్నెలో మూతి పెట్టలేకపోతే పళ్లెంలో పెట్టారు. ఆ అవస్థ చూడలేక మామ్మ నన్ను విప్పబోయింది. "వద్దు మామ్మా, డాక్టరుగారు చెప్పేదాకా ఉండాలి" అంది మనవరాలు. ఈ ఇంట్లో నా పక్షాన మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే!

మామూలుగా పది నుంచి పద్నాలుగు రోజులు నా కొలువు. మగపిల్లికి గాయం చిన్నది, త్వరగా మానుతుంది. కానీ ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలు ఆ మగపిల్లి వల్ల ఆడపిల్లికి కడుపు రావచ్చు, వేరుగా ఉంచండి. రోజూ కుట్టు చూడండి. వాపు పెరిగినా, చీము కనిపించినా, రోజంతా తిండి ముట్టకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లండి. నొప్పికి డాక్టరిచ్చిన మందే వేయండి. మనం జ్వరానికి మింగే పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు, పిల్లి ప్రాణం పోవడానికి.