తెర వెనక దాతలు

షెరిల్ వెస్ట్ రాసిన ‘ఫ్యానీ’ సంగీత నాటకాన్ని ఏకపాత్రాభినయం అనడం అన్యాయం. నల్లజాతి ఓటు హక్కు కోసం పోరాడిన ఫ్యానీ లూ హేమర్‌గా ఇ. ఫే బట్లర్ ఒక్కరే ఆడి పాడిన మాట నిజమే. మరి కథ సమకూర్చిన పెద్దల పేర్లు పోస్టరు మీద పడొద్దూ?

మొదటి నమస్కారం మిసిసిపీ రిజిస్ట్రారుకి. 1962లో ఓటు నమోదుకు వచ్చిన పత్తిచేల కూలీ హేమర్‌ను రాష్ట్ర రాజ్యాంగంలో ఒక సెక్షనుకు భాష్యం చెప్పమన్నాడు. రెండోది, తిరుగుదారిలో ఆమె ఎక్కిన బస్సు మరీ పసుపుపచ్చగా ఉందని డ్రైవరుకు జరిమానా పడేలా చూసిన పోలీసులకి. బస్సులో అందరూ బిక్కచచ్చి కూర్చుంటే హేమర్ పాట అందుకుంది. పోలీసులే అడ్డుపడకపోతే ఇది వట్టి నాటకంగా మిగిలిపోయేది. సంగీతం వాళ్ల చలవే! ఇక ఆ రాత్రే, పద్దెనిమిదేళ్లు చాకిరీ చేసిన పొలం నుంచి ఆమెను వెళ్లగొట్టిన ఆసామి రెండో రంగానికి బోణీ చేశాడు.

1963లో మిసిసిపీలోని వినోనా జైల్లో ఆమెను తోటి నల్ల ఖైదీల చేతే కొట్టించారు. మూత్రపిండం శాశ్వతంగా దెబ్బతింది. అధికారులంతా నిర్దోషులని తెల్ల జ్యూరీ తేల్చింది. ఇక్కడ నాకు వ్యంగ్యం రాదు.

అసలు నిర్మాత మాత్రం అధ్యక్షుడు జాన్సనే. 1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో, డెమోక్రాటిక్ పార్టీ మహాసభ కమిటీ ముందు హేమర్ సాక్ష్యం చెబుతుంటే, టీవీ కెమెరాలను తనవైపు లాక్కోవడానికి ఆయన అప్పటికప్పుడు విలేకరులను పిలిచాడు. చెప్పిందేమీ లేదు. రాత్రికి ఛానళ్లు ఆమె సాక్ష్యాన్ని మళ్లీ వేశాయి. పగలు పనిలో ఉండి చూడనివాళ్లూ చూశారు. పైసా ఖర్చులేని ఇంత ప్రచారం ఏ నాటక సమాజానికి దొరుకుతుంది?

ఆ మహాసభలో ఆమె ప్రతినిధి బృందానికి రెండంటే రెండు కుర్చీలు విదల్చబోయిన ఆ పార్టీకే చెందిన దేశాధ్యక్షుడొకరు 2025 జనవరిలో ఆమెకు దేశ అత్యున్నత పౌర పతకం ప్రకటించాడు. ఆమె పోయి అప్పటికి 47 ఏళ్లు. పతకం పుచ్చుకున్నవాళ్లు తిరిగి ప్రశ్న వేయలేనప్పుడు ప్రభుత్వాల ఔదార్యం భలే పొంగుతుంది.

2021లో షికాగో గుడ్‌మన్ థియేటర్‌లో ఈ నాటకం ఆడింది. టిక్కెట్ల క్యూలో ఎవరికైనా ఎవరైనా మంచినీళ్లివ్వొచ్చు. అదే ఏడాది జార్జియా రాష్ట్రం, ఓటు క్యూలో నిలబడ్డవాళ్లకు పక్కవాళ్లు నీళ్లసీసా అందిస్తే నేరమని చట్టం చేసింది. అట్లాంటాలో పౌరసత్వం పుచ్చుకున్న తెలుగువారూ, మీరు నిలబడేదీ ఆ క్యూలోనే. చెంబు ఇంటి నుంచే తెచ్చుకోండి.