కన్నం కావలెను

స్విఫ్ట్ అనే పక్షికి ఇంగ్లండ్‌లో కావలసింది ఒక కన్నం. 65 మిల్లీమీటర్ల వెడల్పు, 28 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే చాలు. పోస్టుడబ్బా నోరు అంతకంటే పెద్దది. తెలుగువారు ఈ పేరు వినగానే కారు అనుకుంటారు. కారుకు పెట్రోలు, పార్కింగ్, ఏటేటా ఇన్సూరెన్స్ కావాలి. సుమారు నలభై గ్రాముల ఈ పక్షికి ఎగిరే పురుగులు, గోడలో ఆ కన్నం తప్ప మరేమీ అక్కర్లేదు. పురుగుల వేట అదే చూసుకుంటుంది. కన్నం కోసం మాత్రం సంఘాలు, సర్వేలు, పిటిషన్లు, పార్లమెంటు చర్చలు అవసరమయ్యాయి.

స్విఫ్ట్ జీవితం దాదాపు అంతా గాలిలోనే. తినడం, తాగడం, నిద్రపోవడం కూడా ఎగురుతూనే. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2016లో వెల్లడించిన పరిశోధనలో కొన్ని పక్షులు పది నెలలపాటు ఒక్కసారైనా వాలలేదని తేలింది. గుడ్లు గాలిలో పెట్టడం కుదరదు కాబట్టి మిగిలిన ఆ కొద్ది కాలం గోడను ఆశ్రయిస్తుంది. మే మొదట్లో ఆఫ్రికా నుంచి వస్తుంది, ఆగస్టుకల్లా వెళ్ళిపోతుంది. అద్దెకు దిగేవాళ్ళలో ఇంత నెమ్మదస్తులు దొరకరు. గోడకు మేకు కొట్టదు, నీళ్ళు వాడదు, బంధువులను పిలిచి రోజుల తరబడి ఉంచుకోదు. గూటికి వేసే ఈకా, గడ్డిపరకా కూడా గాలిలో తేలుతున్నవే పట్టి తెచ్చి ఉమ్మితో అతికించుకుంటుంది. దాని మొండితనమల్లా ఒకటే: నిరుడు దిగిన కన్నానికే మళ్ళీ వస్తుంది. పక్క వీధిలో ఇంకా మంచిది ఉందని చెప్పినా వినదు.

తెలుగునాట తరచు కనిపించే దీని దాయాదులు రెండు రకాలు. ఒకటి తాటాకు అడుగున గూడు అతికించుకుంటుంది, ఇంకొకటి పాత కట్టడాల కప్పుల కింద, వంతెనల కింద గుంపుగా కాపురం పెడుతుంది. తాటిచెట్టు నిలబడినంత కాలం మొదటిదానికీ, గుడికి జీర్ణోద్ధరణ తలపెట్టనంత కాలం రెండోదానికీ ఢోకా లేదు.

ఇంగ్లండ్ స్విఫ్టును ఇన్నాళ్ళూ పోషించింది మేస్త్రీల నిర్లక్ష్యం. పెంకు సరిగ్గా కూర్చోని చోట, చూరుకూ గోడకూ మధ్య వేలెడు సందు మిగిలిన చోట అది తరతరాలుగా పిల్లలను పెంచింది. తరువాత పనితనం మెరుగుపడింది. చలిగాలి రాకూడదని, ఇంటిని వెచ్చబరిచే ఖర్చు తగ్గాలని, భూగోళం వేడెక్కకూడదని సందులన్నీ శ్రద్ధగా మూశారు. ప్రకృతిని కాపాడే పనిలో ప్రకృతినే బయట పెట్టి గడియ వేశారు. పురుగులు తగ్గిపోవడం మరో దెబ్బ. 1995 నుంచి లెక్కిస్తే బ్రిటన్‌లో స్విఫ్టుల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. 2021 డిసెంబరులో దానిని ప్రమాదంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాలో చేర్చారు. గోడలో చోటు పోయిన పక్షికి జాబితాలో చోటు దొరికింది.

చట్టం లేదా అంటే ఉంది. 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంత చట్టం ప్రకారం వాడుకలో ఉన్న గూటిని ధ్వంసం చేయడం నేరం. ఇక్కడ ‘వాడుకలో’ అన్న మాట ముఖ్యం. జూన్‌లో ఆ కన్నంలో సిమెంటు కూరితే నేరస్థుడైన మనిషి, సెప్టెంబరులో అదే సిమెంటు, అదే తాపీ పట్టుకుంటే బాధ్యత గల ఇంటి యజమాని. పక్షితోపాటే చట్టం కూడా ఆఫ్రికాకు వలసపోతుందన్నమాట. మే నెలలో తిరిగొచ్చిన స్విఫ్ట్ ఆ కన్నం ఇంకా ఉందనుకుని వేగంగా వచ్చి గోడను కొట్టుకుంటుంది, మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చి కొట్టుకుంటుంది. దీనికి సెక్షన్ ఏదీ లేదు.

ఈ దశలో రంగంలోకి వచ్చేవారు స్వచ్ఛంద కార్యకర్తలు. ఊరికో సంఘం, కొన్ని ఊళ్ళలో పేటకో సంఘం. సభ్యుల్లో పదవీ విరమణ చేసినవారు ఎక్కువ. వీరి మొదటి పని లెక్కింపు. కన్నం ఎక్కడుందో తెలియకపోతే దాన్ని కాపాడమని అడగడం కుదరదు. వేసవి సాయంత్రం పొద్దుగూకే ముందు నలుగురైదుగురు మడత కుర్చీలు తెచ్చుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, ముక్కూ మొహం తెలియని వారి ఇంటి చూరు వైపు గంటసేపు తలెత్తి చూస్తారు. లోపల పరదా కదులుతుంది. పరదా వెనుక మనిషి, వీళ్ళు దొంగలైతే ఇంత బాహాటంగా చూస్తారా అని ఆలోచిస్తుంటాడు. పైన పక్షులు కీచుమంటూ ఇళ్ళ కప్పుల ఎత్తులో గుంపుగా దూసుకుపోతాయి. వాటిలో ఒకటి ఉన్నట్టుండి గోడలో మాయమవుతుంది. అంతా ఒక్క సెకను పని. ఆ సెకనులో టీ పోసుకుంటున్నవారు మర్నాడు మళ్ళీ రావాలి.

రెండో పని పెట్టెలు కట్టడం. ప్లైవుడ్ కోసి, కన్నం చెక్కి, నిచ్చెనెక్కి చూరు కింద బిగిస్తారు. చర్చి గంటల గోపురాల్లో చెక్క రెక్కల వెనుక వరుసగా పెట్టెలు అమర్చడం బాగా పట్టుబడిన పద్ధతి. పక్షికి ఎత్తు కావాలి, చర్చికి జనం కావాలి, ఉభయతారకం. ఆక్స్‌ఫర్డ్‌లోని విశ్వవిద్యాలయ మ్యూజియం గోపురంలో 1948 నుంచి స్విఫ్టులను గమనిస్తూనే ఉన్నారు. ఈ పక్షి సంసారం గురించి లోకానికి తెలిసిన దాంట్లో చాలా భాగం అక్కడి గాలి గొట్టాల దగ్గర పోగైనదే.

పెట్టె పెట్టగానే పక్షి రాదు. వచ్చేలా చేయడానికి స్విఫ్టుల కూతను రికార్డు చేసి, చిన్న స్పీకరు పెట్టి పొద్దునా సాయంత్రం వినిపిస్తారు. ఆ పెట్టెలో ఇప్పటికే సంసారాలు ఉన్నాయని కుర్ర పక్షులను నమ్మించడం దీని ఉద్దేశం. రియల్ ఎస్టేట్ వెంచర్లో మొదటి ఫ్లాటు అమ్ముడైందని చెప్పడం లాంటిదే ఇది. పక్షి నమ్మడానికి ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. ఇరుగుపొరుగు ఆదివారం ఉదయమే నమ్ముతారు, ఆ కూత నిజంగానే భరించరానిదని.

మూడో పని నేలపాలైన పిల్లలను సాకడం. ఆ పనికి పూనుకున్న ఇంటి ఫ్రిజ్‌లో పాల సీసా పక్కన పురుగుల డబ్బా ఉంటుంది. గంటకోసారి పట్టకారుతో తినిపించాలి. కుటుంబ సభ్యులు కొద్ది రోజుల్లోనే ఏ డబ్బా మూత తీయకూడదో నేర్చుకుంటారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చంగా స్విఫ్టులకే ఒక ఆసుపత్రి ఉంది. విరిగిన ఈకల స్థానంలో వేరే ఈకలు అతికిస్తారు.

ఈ శ్రమంతా తప్పించే వస్తువు స్విఫ్ట్ ఇటుక. లోపల డొల్లగా, ముందు కన్నంతో ఉండే ఈ ఇటుకను కడుతున్నప్పుడే గోడలో పెట్టేస్తే చాలు. ధర సుమారు 35 పౌండ్లు. కొత్త ఇళ్ళన్నిటికీ దీన్ని తప్పనిసరి చేయాలని హన్నా బోర్న్-టేలర్ అనే రచయిత్రి 2022 నవంబరులో లండన్ హైడ్ పార్కులో ఒంటి నిండా ఈకల బొమ్మలు వేయించుకుని, దాదాపు బట్టలు లేకుండా ప్రసంగించింది. బట్టలేసుకుని అడిగిన కార్యకర్తలు అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా ఉన్నారు. పత్రికలు వారిని గమనించలేదు. ఆమె పెట్టిన పిటిషన్‌పై సంతకాలు లక్ష దాటాయి. 2023 జులై 10న పార్లమెంటులో చర్చ జరిగింది. అన్ని పక్షాల సభ్యులూ పక్షిని మెచ్చుకున్నారు. అప్పటి ప్రభుత్వమూ మెచ్చుకుని, తప్పనిసరి మాత్రం చేయబోమని, స్థానిక సంస్థలు చూసుకుంటాయని చెప్పింది. బ్రైటన్ నగరం అప్పటికే చూసుకుంది. బ్రిటిష్ ఏలుబడిలోని జిబ్రాల్టర్ కూడా తన వంతు చూసుకుంది. మిగతావారిలో చాలామంది చూస్తూ ఉండిపోయారు.

2024 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్‌లో కొత్త నిర్మాణాలు జీవవైవిధ్యాన్ని పది శాతం పెంచి చూపాలన్న నిబంధన వచ్చింది. దాని లెక్కల పట్టికలో గడ్డి, పొద, కుంట అన్నిటికీ మార్కులున్నాయి, గోడలోని ఇటుకకు లేవు. గోడ ప్రకృతి కాదు కదా అన్నది పట్టిక అభిప్రాయం. అదే ఏడాది డిసెంబరులో ప్రణాళికా విధాన పత్రంలో స్విఫ్ట్ పేరు గబ్బిలం, హెడ్జ్‌హాగ్‌ల సరసన చేరింది. అదే నెలలో షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నివేదిక వెలువడింది. 42 కొత్త గృహ సముదాయాలకు వెళ్ళి, బిల్డర్లు కాగితం మీద రాసిచ్చిన పక్షి, గబ్బిలాల పెట్టెలను వెతికితే 75 శాతం కనిపించలేదు. పక్షులు తగ్గాయని సర్వే చేసే దేశంలో పెట్టెలు తగ్గాయని కూడా సర్వే చేయవలసి వచ్చింది.

నిజంగా గోడకెక్కిన ఇటుకల్లో మాత్రం కాపురాలు జరుగుతున్నాయి. అందులో చాలా వాటిలో ఉంటున్నది పిచ్చుకలు. అవి స్పీకరు కూత వినలేదు, చర్చ ముగిసేదాకా ఆగలేదు. బ్రిటన్‌లో అవి కూడా ఎర్ర జాబితాలోనే ఉన్నాయి.