ముక్కు పక్కన సందు

ఈసారి మా వీధి చివరి బడి వార్షికోత్సవంలోనూ ఆ తతంగం జరిగింది. మీరూ చూసే ఉంటారు. చూడకపోతే మీ బావమరిది వాట్సాప్‌లో పంపే ఉంటాడు. పిల్లాడి కళ్ళకు నల్లగుడ్డ, దాని మీద ఇంకో గుడ్డ, చేతిలో పేపరు, గడగడా చదవడం, చప్పట్లు. అంతా పాతదే. ఫ్లెక్సీ మీద మాత్రం కొత్తగా ఒక లైను చేరింది: డిస్లెక్సియా పిల్లలకు ప్రత్యేక బ్యాచ్.

అంటే, కళ్ళు తెరిచి చదవలేని పిల్లాడికి వైద్యం కళ్ళు మూయడం. ఈ లెక్కన ఈత రానివాణ్ణి కాళ్ళూ చేతులూ కట్టి గోదాట్లో వెయ్యాలి.

ఈ శిక్షణతో పిల్లల మిడ్‌బ్రెయిన్‌ను నిద్ర లేపుతారట. మెదడు కాండం పైభాగాన సుమారు రెండు సెంటీమీటర్ల ముక్క అది. కళ్ళు తిప్పడం, వెలుతురుకు కంటిపాప ముడుచుకోవడం, మెలకువగా ఉండడం లాంటి పనులు దాని పుణ్యమే. అది లేవని పిల్లాడు ఫీజు కౌంటరు దగ్గర ఉండడు, ఐసీయూలో ఉంటాడు.

నేను ముందు వరసలో కూర్చున్నాను. పిల్లాడు గడ్డం పైకెత్తాడు, పేపరు బొడ్డు దగ్గరికి దించాడు. మా బామ్మ కళ్ళజోడు కిందనుంచి పంచాంగం చూసే భంగిమ, అచ్చం అదే. ముక్కు పొడుచుకుని వచ్చిన చోట గుడ్డ ఎంత బిగించినా ఆనదు, అటూ ఇటూ సందు మిగులుతుంది. నమ్మకపోతే మీరే కండువా కట్టుకుని భోజనానికి కూర్చోండి, కంచంలో ఆవకాయ ముక్కలు లెక్కపెట్టొచ్చు.

‘పేపరు కాస్త నుదుటి ఎత్తున పట్టించండి’ అన్నాను ట్రైనరుతో. ‘మీ దగ్గర నెగటివ్ ఎనర్జీ ఉంది సార్’ అన్నాడు. ఉందేమో. మంగళూరు హేతువాది నరేంద్ర నాయక్ దగ్గర కూడా ఉండి ఉండాలి. సందు మూసేస్తే మూడో కన్నూ మూసుకుపోతుందని ఆయన ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాడు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఇంటికొచ్చాక మా పై వాటా వాళ్ళ అబ్బాయి గుర్తొచ్చాడు. తొమ్మిదేళ్ళు. వాణ్ణి ఆ ప్రత్యేక బ్యాచ్‌లో చేర్చారు. సందులోంచి దొంగచూపు చూసి చదవాలన్నా ముందు చదవడం రావాలి కదా! పైనుంచి చూసినా కిందనుంచి చూసినా వాడికి ‘ధ’ ‘థ’లాగే ఉంటుంది. క్లాసులో మొద్దు అనిపించుకున్నవాడు ఇప్పుడు దొంగాటలో కూడా ఓడిపోయాడు. ‘ఇంకా తెరుచుకోలేదు, లెవెల్ టూ చేయించండి’ అన్నారట. లెవెల్ టూకి వేరే ఫీజు. వాడేమో తప్పు తనదే అనుకుంటున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి డబ్బు తీసుకుని మరీ ఈ మాట నూరిపోశారు. దీన్ని మోసం అంటే సరిపోదు, క్రూరత్వం అనాలి.

1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు ఇలాంటివాడే అయిన పెర్సీ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. తెలివైనవాడు, చూపు బాగానే ఉంది, ఏళ్ళ తరబడి చదువు చెప్పించారు. అయినా తన పేరే ‘ప్రెసీ’ అని రాసుకునేవాడు. చదువంతా నోటితో చెబితే బడి మొత్తంలో వీడే చురుకైనవాడని వాళ్ళ మాస్టారు అన్నారట. నూట ముప్ఫయ్యేళ్ళ కిందట ఒక బడిపంతులు పట్టుకున్న సంగతి మన ఏసీ క్లాసురూములకు ఇంకా అందలేదు. పై వాటా అబ్బాయి కూడా విన్నది మర్చిపోడు. వాణ్ణి ఎవరూ నోటితో అడగలేదు.

డిస్లెక్సియా ఉన్నా గొప్పవాడయ్యాడని ఐన్‌స్టీన్ పోస్టరు అంటించేవాళ్ళు వేరే ఉన్నారు. ఆయనకు డిస్లెక్సియా ఉందనడానికి ఆధారం లేదు, పదమూడేళ్ళకే కాంట్‌ను చదివాడు. అయినా మా పై వాటా పిల్లాడు తెలుగు వాచకం చదవడానికి ఐన్‌స్టీన్ కావాలా?

ఇక భాషాభిమానుల వాదన ఒకటి. తెలుగు రాసినట్టే పలుకుతాం కాబట్టి డిస్లెక్సియా ఇంగ్లీషు మీడియం రోగమట! ‘స్త్రీ’ రాసి చూడండి. నోరు స, త, ర అన్నాక చివర్న ‘ఈ’ అంటుంది. రాతలో ఆ గుడిదీర్ఘం మొదటి సకారం నెత్తిన ఎక్కి కూర్చుంటుంది. గుణింతాలూ ఒత్తులూ కలిపితే పిల్లాడు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. మన పిల్లాడు తప్పు చదవకపోవచ్చు, కూడబలుక్కుంటూ చదువుతాడు. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాడు. దాన్ని మనం బద్ధకం అంటాం.

పనికొచ్చే పద్ధతి ఉంది. దాని దురదృష్టం, వేదిక మీద చూపించడానికి పనికిరాదు. ‘పావడ’లో ‘పా’ తీసేస్తే ఏం మిగిలింది? వడ. ఇలా శబ్దాలను విడదీయడం, కలపడం. అక్షరాన్ని చూస్తూ, పైకి అంటూ, ఇసుకలో వేలితో దిద్దడం. వీధిబడి పంతులు చేయించినట్టే, బెత్తం మినహా. రోజూ అరగంటో ముప్పావుగంటో, నెలల తరబడి, విసుక్కోని ఒక మనిషి పక్కన కూర్చోవాలి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి. అసలు చిక్కు ఇక్కడే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను వైకల్యాల జాబితాలో చేర్చింది. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి ప్రత్యేక అవసరాలున్న పదిమంది పిల్లలకు ఒక స్పెషల్ టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

వార్షికోత్సవం రోజు చివర్లో పెద్దమనిషినని నాకూ మైకు ఇచ్చారు. మీ బడిలో స్పెషల్ టీచర్లు ఎంతమంది అని అడిగాను. కరస్పాండెంటు గారు మైకు మెల్లగా లాక్కుని, వచ్చే ఏడాది డ్రోన్ షో ఉంటుందని ప్రకటించారు. మళ్ళీ చప్పట్లు.