సామాను తూనికాధికారివారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ విమానాశ్రయ సామాను తూనికాధికారి మహాశయుల సముఖమునకు, పుస్తకములు చదువుటతప్ప వేరొక దురభ్యాసము లేని సామాన్య ప్రయాణికుడొకడు అనేక నమస్కారములు సమర్పించి చేసికొను విన్నపము.

తమ చట్టమును ధిక్కరింప దలచినవాడను కాను. విమానపు కడుపులోనికి పోవు పెట్టె 15 కిలోలును, చేతిసంచి 7 కిలోలును మించరాదను నియమము ఇంధనవ్యయమును ఎంచి చేసినదనియు, గాలిలో ఎగురు వాహనము బరువును గూర్చి చింతించుట న్యాయమేయనియు నేనెరుగుదును. నా మొర నియమమును గూర్చి గాదు. ఆ నియమము అమలగు వేళ తమ సిబ్బంది పుస్తకముపై ప్రసరింపజేయు దృష్టిని గూర్చి. క్రిందటి యేడు నేనొక విమానము ఎక్కబోవు సమయమున, తూనికపై ఎర్రని అంకెలు పదునారు చిల్లర చూపగా, బల్లకావల నిలిచిన చిన్నవాడు (మర్యాదస్థుడే; ప్రతి మాటకును ‘సర్’ చేర్చినాడు) పెట్టె తెరిపించి, ఆవకాయ సీసాను తాకక, కొబ్బరినూనె డబ్బాను కదపక, మా గృహిణి ఏ శుభకార్యమును లేని ఊరికి వెంటతెచ్చిన పట్టుచీరలవైపు కన్నెత్తియైన చూడక, తిన్నగా పుస్తకములపై వ్రేలుంచి, “ఇవి తీసేయండి సర్, సరిపోతుంది” అని సెలవిచ్చినాడు. తీసితిని. తీసిన పుస్తకములను లాల్చీ జేబులలోను చంకలోను ఇరికించుకొని ఆ విమానమే ఎక్కితిని. విమానమునకు తగ్గిన బరువేమియు లేదు. ప్రయాణికుని దేహమును తమరు తూచరు గదా! తొంబది కిలోల స్థూలకాయుడును ఏబది కిలోల కృశాంగుడును ఒక్క ధరకే ఎగురుచుండ, ఆ కృశాంగుడు తన పెట్టెలో లావుపాటి నవల యొకటి అధికముగా చేర్చినంతనే అపరాధి యగుట యే ధర్మశాస్త్రమున నున్నదో తమరే సెలవీయవలెను.

ఇప్పుడీ విన్నపము చేయుటకు కారణము, ఈ శీతకాలమున అండమాను దీవులకు పోవలెనని మా యింట తీర్మానమగుట. బట్టలు, మందులు, పచ్చళ్ళు ఒక్క సాయంకాలములో నిర్ణయమైనవి. ఏ పుస్తకములు తీసికొనిపోవలెనను ప్రశ్న మాత్రము ఇంకను తేలలేదు. సముద్రతీరమునకు తేలికపాటి పుస్తకములే తగునని లోకమున నొక ప్రవాదము గలదు. సెలవులు రాగానే పత్రికలవారు అట్టి పుస్తకముల పట్టికలు అచ్చువేయుదురు. విషయభారమును తగ్గింపుమని వారును, కాగితభారమును తగ్గింపుమని తమరును బోధించుచుండుటచే, ఉభయులకును నడుమ చదువరికి మిగులునది విమానములో ఉచితముగా లభించు రంగుల పత్రిక యొక్కటియే.

తీరమున పడకకుర్చీలో పరుండి చదువుట ప్రకటనచిత్రములలో శోభించును. వాస్తవమున మధ్యాహ్నపుటెండలో తెల్లని కాగితము కన్నులను జిగేలుమనిపించి అక్షరమును దాచును. ఉప్పుగాలికి పుటల అంచులు ముడుచుకొనును. జిగురుతో అంటించిన నేటి పుస్తకముల వీపు ఎండకు సడలి, పదవ అధ్యాయము ఒడిలోనికిని పదునొకండవది ఇసుకలోనికిని జారును. దారముతో కుట్టి గట్టి అట్ట వేసిన పాతకాలపు ప్రతియే అచ్చట నిలుచును. అదియో, బరువు.

ఇంతకును అండమానులో చదువుకొను వేళ పగలు గాదు. దేశమునకెల్ల గడియారము దిద్దు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశము మన కాకినాడ దరిదాపులనుండి పోవుచుండగా, 2024 నుండి అధికారపత్రములలో శ్రీవిజయపురమని వ్యవహరింపబడు పోర్టుబ్లేయరు అంతకు సుమారు 10 డిగ్రీలు తూర్పున నున్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల లెక్కన సూర్యుడు మనకంటె రమారమి 40 నిమిషములు ముందుగా అచ్చటి పని ముగించుకొనును. గడియారము మాత్రము మనదే. శీతకాలమున సాయంకాలము ఐదు దాటినంతనే చీకటి పడును. దీవినుండి దీవికి పోవు పడవలు అంతకుముందే కట్టివేయబడును. అటుపిమ్మట భోజనమువరకు, భోజనమునుండి నిద్రవరకు, దీపపు వెలుతురును కెరటముల చప్పుడును తప్ప మరేమియు నుండదు. ఆ దీర్ఘరాత్రులకు నూరు పుటల వినోదకథ యేమూలకు? ఒక్క కూర్చుండులో అది ముగియును. మిగిలిన వారమంతయు హోటలువారి భోజనపట్టికను పారాయణము చేయవలసి యుండును.

కావున విశ్వనాథవారి ‘వేయిపడగలు’ వంటి మహాగ్రంథము ఒక్కటి చాలునని నా అభిప్రాయము. అట్టి దానిని ఇంట మొదలిడినవాడు పాలవాడు, గ్యాసు సిలిండరు, శుభలేఖ పట్టుకొని వచ్చిన దూరపు చుట్టము మొదలగు విఘ్నములనడుమ నూరవ పుట దాటుట దుర్లభము. నలుదెసల నీరుండి, పిలుచువారెవరును లేని చోటనే గదా ఆ నవలలోని సుబ్బన్నపేటలో తీరికగా కాపురముండదగినది!

ద్వీపమునకు పోవువాడు పుస్తకము వెంటనుంచుకొనుట నేడు పుట్టిన వేడుక గాదు. 1704 మొదలు 1709 వరకు జువాన్ ఫెర్నాండెజ్ దీవులలో ఒంటరిగా నివసించిన సెల్కర్కు అను నావికుని చెంత బైబిలుండెను. 1719లో డీఫో సృష్టించిన రాబిన్సన్ క్రూసో, పాడైన ఓడనుండి సామగ్రిని ఒడ్డునకు చేర్చుకొనునప్పుడు మూడు బైబిళ్ళును కొన్ని పోర్చుగీసు గ్రంథములును దక్కించుకొనెను. అతని తెప్పను ఎవరును తూనికపై పెట్టలేదు. బి.బి.సి. వారు 1942లో ప్రారంభించి నేటికిని నడుపుచున్న ‘డెజర్ట్ ఐలండ్ డిస్క్స్’ కార్యక్రమమునందైతే, నిర్జనద్వీపమున విడువబడినట్లు భావింపబడు అతిథికి బైబిలును షేక్స్పియరు కృతులును అడుగకయే యిచ్చి, ఆపై మరియొక పుస్తకమును కోరుకొమ్మందురు. మన యాకాశవాణివారు అట్టి యుదారకార్యమునకు పూనుకొనిరేని, అడుగక యీయవలసిన ఆ రెండు గ్రంథము లేవో నిర్ణయించు సభలో తిక్కన పక్షమువారును పోతన పక్షమువారును వాదులాడుచుండగానే ఓడ వెడలిపోవునేమో యని నా భయము.

ఆ దీవులను గూర్చిన పుస్తకములనే చదువరాదా యని మిత్రుడొకడు సూచించెను. ఇచ్చటను తమ తూనికయే అడ్డము వచ్చినది. 1890లో వెలువడిన కొనన్ డాయిల్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో షెర్లాక్ హోమ్స్ లండనులో కూర్చుండి ఒక భౌగోళికకోశమును తెరచి, అండమాను ఆదివాసులు నరమాంసభక్షకులని చదివి వినిపించును. అది పచ్చి అపవాదము. 1906, 1908 సంవత్సరముల నడుమ ఆ దీవులలో తిరిగి, వారి ఆచారములను, పురాణగాథలను, కుటుంబవ్యవస్థను రాడ్క్లిఫ్ బ్రౌన్ సేకరించి వ్రాసిన గ్రంథము 1922లో అచ్చయినది. హోమ్స్ కథ చొక్కాజేబులో ఇమిడి తమ యంత్రమును కదలింపకయే దాటిపోవును. పండితుని గ్రంథమో, దానికి మూడింతలు మందము గలదగుటచే పట్టుబడును. ఈ లెక్కన ఆ దీవికి చేరునది అపవాదమా, పరిశోధనయా? తమరే ఊహింపుడు.

ఇక అసలు మాట. ఆ దీవిలో ప్రతి యాత్రికుడును దర్శించు సెల్యులర్ కారాగారము 1896లో మొదలిడి 1906లో ముగించిన కట్టడము. 1911లో అచ్చటికి కొనిపోబడిన సావర్కరు, కాగితమును కలమును లేక, ముండ్లతోను మేకులతోను గోడలపై పద్యములు గీచి, అవి చెరిగిపోవులోపల కంఠస్థము చేసికొనెను. మన్యమున అల్లూరి సీతారామరాజు వెంట పోరాడిన గాము మల్లుదొరయు ఆ దీవికే పంపబడి, బ్రతికి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. 1933 మే నెలలో అచ్చటి రాజకీయఖైదీలు నిరాహారదీక్షకు పూనిరి. వారు కోరినది రాజ్యము గాదు: ఒడలు కడుగుకొనుటకు సబ్బు, పరుండుటకు పక్క, తినదగిన అన్నము, చదువుకొనుటకు అనుమతి. అధికారులు బలవంతముగా పాలు పోయింపగా మహావీర్ సింగు, మోహన్ కిశోర్ నామదాసు, మోహిత్ మొయిత్రా అను మువ్వురు మరణించిరి. 46 దినముల పిమ్మట కోర్కెలు చెల్లినవి. గదులలోనికి పుస్తకములు వచ్చినవి. ఆ కారాగారమున పఠనగోష్ఠులు వెలసినవి. అట్టి చోటికి పోవుచు, బరువగుచున్నదని చెప్పి పుస్తకమును బల్లమీద విడిచిపొమ్మనుట నాకెట్లు మనసొప్పును?

ఆ దశాబ్దముననే, 1935లో, పాతూరి నాగభూషణముగారు మన కృష్ణాకాలువలపై పడవలో గ్రంథాలయమును నడపి, రేవునుండి రేవునకు పోవు కూలివానికిని రైతునకును చేతికి పుస్తకము నందించిరి. ప్రయాణమును పుస్తకమును పరస్పరవిరోధులని అప్పటివా రెవరును తలచినట్లు లేదు.

మా మేనల్లుడు ఈ లేఖ చిత్తుప్రతిని చూచి నవ్వి, అరచేతి పలకయొకటి తెచ్చి, “మామయ్యా, ఇందులో వెయ్యి పుస్తకాలు పడతాయి, బరువు పావుకిలో ఉంటుందంతే” అనెను. అతడు చెప్పినది నిజమే. 2020 ఆగస్టులో చెన్నపట్టణమునుండి సముద్రగర్భమున సుమారు 2,300 కిలోమీటర్ల తీగ ప్రారంభమైనది మొదలు అచ్చటను అంతర్జాలము సుఖముగా అందుచున్నది. ఇంగ్లీషు అపరాధపరిశోధక నవలలు అందులోనే చదువుదును; అందుకు నాకభ్యంతరము లేదు. కాని నాకు కావలసిన పాత తెలుగు ప్రతులు ఆ పలకపై ఛాయాచిత్రములుగా మాత్రమే లభించును. ఒత్తులు చీమలవలె ప్రాకును. పెద్దవి చేయబోయిన పంక్తి సగము తెర వెలుపలికి పోవును. అరువది దాటిన కంటికి అది చదువు గాదు, శిక్ష.

కావున నా ప్రార్థన యిది. ద్వీపమునకు పోవు ప్రయాణికుడు తనవెంట గొనిపోవు పుస్తకములలో రెండు కిలోలవరకు లెక్కకు మినహాయింప వేడెదను. ఈ మిషతో బిస్కట్లు దాటించువారు కొందరుందురనిన, అనుమానము గలిగినచోట కథానాయకుని పేరడిగి పరీక్షింపవచ్చును. చెప్పలేనివానికి జరిమానా వేయుడు, నేను సాక్ష్యమిచ్చెదను. బరువు మించినయెడల మొట్టమొదట పుస్తకములపై వ్రేలుంచక, పట్టుచీరలను గూర్చి విచారింపవలసినదిగా తమ సిబ్బందికి ఉత్తరువు చేయుడు. (ఈ వాక్యము మా గృహిణి కంటబడకుండ చూచుకొనెదను.) మినహాయింపు పోవునప్పుడు మాత్రమే చాలును, వచ్చునప్పుడు అక్కరలేదు. శ్రీకాకుళపు తీరమునుండి తరలిపోయి పోర్టుబ్లేయరులో స్థిరపడిన తెలుగువారు వేలకొలది గలరు; వారిలో మాకు చుట్టములైన వారింట ఆ పుస్తకములను విడిచి రాదలచితిని.

తమరు కాదందురేని, విశాఖపట్టణమునుండి ఆ దీవులకు ఓడ గలదు. రెండు రాత్రులకు పైబడిన ప్రయాణము. విమానముతో పోల్చిన సామానుపై ఆంక్ష స్వల్పము. నవలలోని మొగల్తూరు పార్వతీశము బారిష్టరు చదువునకు ఓడపైననే గదా పోయినది! కాని మా గృహిణికి సముద్రపు ఊపు పడదు. ఆమె ఇంకను సమ్మతింపలేదు. తమ ప్రత్యుత్తరము చూచి చెప్పెదననినది. విమానపు టికెట్టు రద్దుచేసికొనిన సొమ్ములో సగమైన తిరిగివచ్చు గడువు సమీపించుచున్నది కనుక, దయచేసి త్వరపడవలెను.

ఇట్లు,
విధేయుడు,
కిటికీప్రక్క ఆసనము కోరిన ప్రయాణికుడు