మీటరుకి దండేశారు

హైదరాబాదులో ఆటో ఛార్జీలు పెంచాలా వద్దా అన్న చర్చ మొదలైనప్పుడల్లా నాకు ముందు జాలేస్తుంది. పెంచడానికి అసలా ఛార్జీ ఎక్కడుందో ఎవరు వెతికి తేవాలి? కాగితం మీదైతే ఉంది లెండి. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆ పైన కిలోమీటరుకు 11. 2014 ఫిబ్రవరిలో, ఉమ్మడి రాష్ట్రం మూటాముల్లే సర్దుకుంటున్న రోజుల్లో ఖరారైన రేటు. ఆ తర్వాత రాష్ట్రం రెండైంది, మెట్రో వచ్చింది, పెట్రోలు 2021లో వంద దాటింది, ఇరానీ ఛాయ్ ఇరవైకి చేరింది. అంటే సర్కారు లెక్కలో, కప్పు ఛాయ్ డబ్బులకి ఆటో మనల్ని కిలోమీటరున్నర మోసుకెళ్ళాలి. పది కిలోమీటర్లకు కట్టాల్సింది అక్షరాలా 112 రూపాయల 40 పైసలు. ఈ రేటు ఏ లోకానికి చెందిందో ఆ నలభై పైసలే చెబుతాయి.

మొన్న నేనెక్కిన ఆటోలో మీటరు ఉంది. లేదనడానికి వీల్లేదు, చట్టం ఒప్పుకోదు. హ్యాండిలు పక్కన దాని స్థానంలో అది బుద్ధిగా ఉంది. అద్దం మీద దుమ్ము, దాని కింద వెలగని అంకెలు, ఒక మూల నుంచి వేలాడుతున్న నిమ్మకాయ, మిరపకాయలు. పైన బంతిపూల దండ. ఫొటోకి దండేస్తే ఏమిటో మనకు తెలుసు. మీటరుకి వేసినా అంతే. ఏడాదికోసారి దాన్ని తూనికలు కొలతల వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి సీలు వేయించాలి. దండ ఉన్నచోట తద్దినం కూడా ఉండాలి కదా!

ఈ సంగతి తెలియని మా మామగారు తణుకు నుంచి దిగి, సికింద్రాబాద్ స్టేషన్ బయట "మీటరెయ్యవయ్యా" అన్నారు. డ్రైవరు కోప్పడలేదు, నవ్వనూ లేదు. "పెద్దాయనా, సిటీకొచ్చి ఎన్నేండ్లయింది?" అని ఆప్యాయంగా అడిగాడు.

మీటరు పోయాక దాని కుర్చీలో ఫోను కూర్చుంది. ఇప్పుడు చెయ్యెత్తి ఆటో ఆపితే డ్రైవరు మొదటి ప్రశ్న "యాడికి?" రెండోది "యాప్‌ల ఎంత చూపిస్తుంది సార్?" 160 అని చూపిస్తే "ఇంకో నలభై ఇయ్యిండ్రి" అంటాడు. యాప్ ధర అంటే వేలంలో సర్కారువారి పాట, అక్కణ్ణుంచే మొదలు. పోనీ యాప్‌లోనే బుక్ చేద్దామంటే అదింకో ముచ్చట. చినుకు పడ్డాక అమీర్‌పేటలో నిలబడి ఫోను తీశారనుకోండి, చక్రం గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, ఎవరూ రారు. కాసేపటికి, ఇంకో ఇరవై కలుపుతారా, ముప్ఫై కలుపుతారా, యాభై కలుపుతారా అని చాలా మర్యాదగా అడుగుతుంది. వెనకటికి బేరమంటే డ్రైవరు రెండొందలంటే మనం నూటయాభై అనేవాళ్ళం. ఇప్పుడు ఎదుట మనిషే లేడు. తడుస్తూ నిలబడి, మన మీద మనమే పాట పెంచుకుంటాం. చివరికి ఒకాయన ఒప్పుకుని ఫోన్ చేసి, "డ్రాప్ యాడ సార్? క్యాషా, ఆన్‌లైనా?" అని కనుక్కుని, రెండింటికీ మన జవాబు నచ్చక, "క్యాన్సిల్ చేస్కోండ్రి" అంటాడు. తను చేస్తే తన లెక్కలో పడుతుందిట.

అంతమాత్రాన డ్రైవర్లందరినీ తిట్టిపోయడానికి నాకు నోరు రాదు. దండ వేసిన ఆటో ఆయన ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు తన లెక్క విప్పాడు. గ్యాసు, ఫైనాన్స్ కిస్తీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, మధ్యలో చలాన్లు. వీటన్నిటి పైన 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు. "సగం గిరాకీ బస్సెక్కి పోయింది సార్. ఆంధ్రల ఫ్రీ బస్సు పెట్టినంక ఆటోవాళ్ళకి పదిహేను వేలేసిండ్రంట. మాకేమున్నది, హారన్ కొట్టుకునుడే" అని నిజంగానే ఒకసారి కొట్టాడు.

సందు దొరికింది కదా అని అడిగాను. "అయితే మీటరు రేటు పెంచితే బాగుంటుందంటావా?"

ఆయన అద్దంలోంచి నా వైపు చూశాడు. "పెంచితే ఏమంటరు? ఇగ మీటరెయ్యాలె అంటరు. ఎందుకొచ్చిన లొల్లి సార్?"

ఇదీ అసలు కిటుకు. రేటు మరీ తక్కువగా ఉన్నంతకాలం మీటరు వెయ్యకపోవడం నేరం కాదు, ఆత్మరక్షణ. పట్టుకున్న పోలీసుకీ ఆ విషయం తెలుసు, ఎక్కిన నాకూ తెలుసు. అందుకే "మీటరెయ్యి" అని గట్టిగా అనడానికి నాలుక తిరగదు. ముంబైలో ఇంధనం, బండి ఖరీదు వగైరా లెక్కగట్టి రేటు తేల్చే పద్ధతి ఉంది. 2025 ఫిబ్రవరిలో అక్కడ ఆటో కనీస ఛార్జీ 26, టాక్సీది 31 అయింది. జనం కాసేపు సణిగారు, మీటరు చూసి డబ్బిచ్చి దిగిపోతున్నారు. బెంగళూరులో ఆ ఏడాది ఆగస్టు నుంచి మొదటి రెండు కిలోమీటర్లకు 36, ఆ పైన కిలోమీటరుకు 18. రేటు పెంచగానే అక్కడివాళ్ళు మారిపోయారని నేను ప్రమాణం చెయ్యను. కానీ ప్రయాణికుడు గొంతు పెంచడానికి కనీసం ఒక అంకె దొరికింది.

కాబట్టి నా ఓటు పెంచడానికే. ఉప్పు, పప్పు, స్కూలు ఫీజు ఏటా పెరుగుతుంటే 2014లో పుట్టిన రేటుని పట్టుకుని వేళ్ళాడటం సామాన్యుడి మీద ప్రేమ అనిపించుకోదు. ఆ ప్రేమ ఖరీదు ఇప్పటికే అమీర్‌పేటలో కడుతున్నాను. ఏటా ఒక తేదీ పెట్టి, గ్యాసు ధర చూసి పెంచాలి, తగ్గితే తగ్గించాలి. (ఈ చివరిమాట రాస్తుంటే నాకే నవ్వొచ్చింది, అయినా ఉండనివ్వండి.) ఆ తర్వాత మీటరు వెయ్యనివాడికి జరిమానా వేస్తే నేను చప్పట్లు కొడతాను.

ఈ అభిప్రాయం ఇంట్లో ప్రకటించాను. మా అబ్బాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యకుండానే "బైక్ టాక్సీ ఉందిగా నాన్నా" అన్నాడు. మా ఆవిడ మాత్రం పూర్తిగా నా పక్షమే నిలిచింది. డ్రైవర్లకీ పిల్లలున్నారని, ఎంత పెంచినా తనకేమీ అభ్యంతరం లేదని, ఆధార్ కార్డు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బస్టాపుకి బయల్దేరుతూ చెప్పింది.