రష్యావాడి క్యారేజీ

మైత్రీవనం ముందు చాయ్ తాగుతూ ఫోన్లో రాకెట్ చూస్తున్నావే, నిన్నేనోయ్ అబ్బాయ్! డెమో క్లాసుకి టైముందిగా, ఇటు జరుగు. ఈ చోటు పేర్లో మైత్రి ఉంది గానీ, అదేమిటో మీకేం తెలుసు?

మా రోజుల్లో ఆకాశంలో ఇద్దరే మోతుబరులు, రష్యావాడూ అమెరికావాడూ. మనం ఎవరి అరుగు మీద కూర్చోవాలో మనకు తెలుసు. 1975లో మన ఉపగ్రహం ఆర్యభట్టను మోసుకెళ్లింది రష్యావాడి రాకెట్టే. 1984 ఏప్రిల్ 3న మనవాడు రాకేశ్ శర్మ వాడి సోయూజ్ నౌక ఎక్కాడు. పుట్టింది పటియాలా అయితేనేం, చదివింది మన నిజాం కాలేజీలో కాదూ! పక్కింటి టీవీ ముందు ముప్ఫై మందిమి, గుమ్మంలో చెప్పుల గుట్ట. పైనుంచి దేశం ఎలా ఉందని ఇందిరమ్మ అడగ్గానే మా మామయ్య ఆవేశంగా లేచాడు, వైరు కాలికి తగులుకుంది, బొమ్మ పోయింది. జవాబు మర్నాడు పేపర్లో చదువుకున్నాం. అయినా అదీ పోక! మొన్న 2025లో మన శుక్లా అంతరిక్షానికి వెళ్లాడంటే, డబ్బు కట్టి అమెరికా ప్రైవేటు బండిలో సీటు కొనుక్కోవాల్సొచ్చింది.

సరే, ఆ రష్యావాడూ సత్యహరిశ్చంద్రుడేం కాదులే. క్రయోజెనిక్ ఇంజన్ విద్య నేర్పుతానని 1991లో ఒప్పుకున్నాడా, అమెరికావాడు గుడ్లురమగానే 1993లో మాట మార్చి ఏడు ఇంజన్లు చేతిలో పెట్టాడు. వంట నేర్పుతానని చెప్పి క్యారేజీ పంపినట్టు! మనవాళ్లు కిందామీదా పడి సొంతది చేసి 2014 జనవరికి సరిగ్గా ఎగరేశారు. మరి ఇప్పుడేం చేశారు? ఆనాడు అడ్డుపడ్డ ఆ అమెరికావాడితోనే కలిసి నైసార్ ఉపగ్రహం తయారుచేసి, అదే సొంత ఇంజనున్న రాకెట్ మీద 2025 జులై 30న శ్రీహరికోట నుంచి పంపారు. మీకు పగ పట్టడం కూడా చేతకాదు. గట్టు తగాదాకి మా నాన్న పక్క పొలమాయనతో ఇరవై రెండేళ్లు మాట్లాడలేదు, తెలుసా!

కింద ఉక్రెయిన్ పేరు చెప్పి కొట్లాడుకునే ఆ ఇద్దరు మోతుబరులూ పైన మాత్రం అంతరిక్ష స్టేషన్లో ఒకే కప్పు కింద. చైనావాడిని చేరనివ్వకపోతే వాడు వేరుకాపురం పెట్టుకున్నాడు. ఇదేం చుట్టరికమో నా బుర్రకెక్కదు.

శుక్లా పైనున్న రోజుల్లో, ఆ స్టేషన్ మన మీదుగా పోతుందని మనవరాలు చెబితే మేడెక్కాను. మెట్రో దీపాలూ, కోచింగ్ బోర్డుల వెలుగూ, ఒక్క చుక్క కనబడి చావదు. చివరికి తెల్లగా ఒకటి కదిలింది. రెండు చేతులెత్తి దండం పెట్టాను.

"తాతయ్యా, అది శంషాబాద్ విమానం."

పెడితే పెట్టాన్లే. ఇంతకీ చాయ్ డబ్బులు నువ్విస్తున్నట్టేగా?